చూడకుండా ఎత్తిన చేతులు

ఆత్మకూరు
1879 ఫిబ్రవరి 11

ఒరే తమ్ముడా వరప్రసాదం,

బాగుండావా? నేను బాగానే ఉండాను, దగ్గు ఒక్కటి తప్ప. తోళ్లు పదును పెట్టే తంగేడు పట్ట దంచే చోట కూర్చుని రాస్తా ఉండాను. దుమ్ము పడి అక్షరం మసకేస్తే నీ కళ్లను అనుమానించొద్దు. ఉదయగిరి బండి చద్దన్నం వేళకి కదుల్తాదంట, అందుకని గబగబా రాస్తా ఉండాను.

వ్యాపారం సంగతి చెప్పాలంటే, రెండేళ్ల కిందటి ధాత కరువులో గొడ్లు చచ్చి తోళ్లు గుట్టలు పడినాయి, అడిగే నాథుడు లేడు. ఇప్పుడు గిరాకీ ఉండాది, తోళ్లు లేవు. ఉండే నాలుగు తోళ్ల కోసం పల్లెపల్లె తిరిగి కాళ్లు అరిగిపోతా ఉండాయి. మీ వదిన నన్ను చూసి, ఈ మనిషి కాలి తోలు కూడా అమ్మేటట్టు ఉండాడని నవ్వుతా ఉండాది.

సరే, అసలు మాట. మొన్న సోమశిల రేవులో కొండలయ్య కనపడినాడు. మీ పక్క పల్లె నుంచి మేకతోళ్లు తెస్తాడే, ఆ కొండలయ్య. "మీ చిన్నమ్మను సంఘంలో నుంచి తీసేసినారంటనే, బావిలో నీళ్లు కూడా తోడనీయడం లేదంటనే" అన్నాడు. నేను నమ్మలేదు. కొండలయ్య గురించి నీకు తెలుసు గదా, చిల్లుపడిన తోలును మడిచి మంచిదని అమ్మే మనిషి.

అయినా రాత్రి అన్నం సహించలేదు. అమ్మ పోయినప్పుడు నువ్వు పాలు మరవలేదు. హన్నమ్మ చిన్నమ్మ తన బిడ్డ ఒక పక్క, నువ్వు ఒక పక్క, ఇద్దరికీ పాలిచ్చి పెంచింది. ఆ బిడ్డ కరువులో పోయినాడు. ఆమెకు మిగిలింది కోడలు లిదియమ్మ ఒక్కతే. ఊరి బావి కాడికి మనల్ని రానీయరు. మన పల్లెకు ఉండేది మనం రాయి పగలగొట్టి తవ్వుకున్న ఆ ఒక్క బావి. అది కూడా లేకపోతే ఆమె నీళ్లకు యాడికి పోవాల?

నువ్వు సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశివి. నువ్వు ఉండగా ఇట్టాంటిది జరగదని నా గుండె చెప్తా ఉండాది. అబద్ధమని ఒక్క ముక్క రాయి, చాలు.

మీ అన్న
మస్తానయ్య

—

ఉదయగిరి
1879 ఫిబ్రవరి 19

ప్రభువునందు ప్రియమైన అన్న మస్తానయ్యకు తమ్ముడు వరప్రసాదం వందనములతో వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగింది అబద్ధం కాదు.

జనవరి నుంచి పల్లెలో అమ్మవారు పోసింది. నాలుగు ఇళ్లలో మంచాలు వేసినారు. చిన్నమ్మ కోడలు లిదియమ్మకు కూడా వచ్చింది. ఇది మన మీదికి ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని సంఘం అంతా మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేసినాం. ఆ తర్వాత తెలిసింది. చిన్నమ్మ గుమ్మానికి అప్పటికే వేపమండలు కట్టి ఉండాయి. పోలేరమ్మ రాయి కాడ ఆమె అంబలి పోసిందని, మునెయ్య చూసినాడని అందరూ చెప్పుకున్నారు. బాప్తిస్మం తీసుకున్న మనిషి మళ్లీ రాతికి మొక్కితే ఏం చెయ్యాల? సంఘ పెద్ద సామ్యేలు గారు సంఘాన్ని కూర్చోబెట్టి, ఆమెను తీసేయాలా వద్దా అని అడిగినారు. మన పద్ధతి నీకు తెలుసు గదా, పెద్దలు చెప్పింది కాదు, అందరూ చేతులెత్తితేనే ఏదైనా ఖాయం. ఇరవైమూడు చేతులు లేచినాయి.

నా చెయ్యి కూడా.

సంఘంలో లేనివాళ్లకు సంఘం బావి లేదనే కట్టుబాటు బావి తవ్విన నాడే పెట్టుకున్నాం. ఒక్క మనిషి కోసం దాన్ని మార్చలేను. నాకు మాత్రం సుఖంగా ఉండాదనుకున్నావా?

ఇంకొక మాట. చెప్పకూడదు అనుకున్నాను. మొన్న ఆత్మకూరు జాతరలో నువ్వు డప్పు కొట్టినావని ఇక్కడ అంటా ఉండారు. డప్పు వదిలేసినందుకే ఊరోళ్లు మన నాయన వీపు చిట్లగొట్టినారు. ఆ సంగతి గుర్తు చేసుకో. నీ కోసం ప్రార్థిస్తా ఉండాను.

నీ మేలు కోరే
వరప్రసాదం

—

ఆత్మకూరు
1879 ఫిబ్రవరి 25

ఒరే ఓబిగా,

నీళ్లలో ముంచక ముందు నీ పేరు ఓబయ్య. కోపమొస్తే నాకు అదే నోటికొస్తాది, ఏం చేసేది.

ముందు డప్పు సంగతి. నేను డప్పు కొట్టినానంట! ఒరే, చిన్నప్పుడు నేను డప్పు పట్టుకుంటే పెళ్లివాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేవాళ్లు, ఏం పగిలిందా అని. నాయనే నా చేతిలో నుంచి లాక్కున్నాడు. నువ్వు పక్కనే ఉండి నవ్వినావు. జరిగింది ఏందంటే, రాఘవమ్మ గారని ఇక్కడ ఒక రైతు ఇల్లాలు ఉండాది, ఆమె పంపిన మనిషి వచ్చి ఒక దూడ తోలు కొన్నాడు. అమ్మినాను. అది మోట బొక్కెనకు వాడుకుంటాడో, డప్పుకు వాడుకుంటాడో నేను ఆయన వెనకాల పోయి చూడలేదు. అంతే. నీకు ఎవరు చెప్పినారు? వాళ్లకు ఎవరు చెప్పినారు? నువ్వు నమ్మినావా? ఈ మూడిటికీ జవాబు రాయి.

ఇప్పుడు చిన్నమ్మ. నీ ఉత్తరం నాలుగు సార్లు చదివినాను, నా కోసం రెండు సార్లు, మీ వదిన కోసం రెండు సార్లు. అందులో ఒక్క చోట కూడా చిన్నమ్మ ఏమన్నదో లేదు. ఆమెను పిలిచినారా? ఆమె కూర్చుని ఉండగా చేతులెత్తినారా? లేక ఆమె వెనకాల ఎత్తినారా?

"మునెయ్య చూసినాడని అందరూ చెప్పుకున్నారు" అని రాసినావు. మునెయ్య చెప్పినాడని రాయలేదు. నేను తోళ్ల బేరగాణ్ణి. వెంట్రుకల పక్క నిగనిగలాడే తోలును తిప్పి మాంసం పక్క చూస్తే పురుగు తిన్న చిల్లులు ఉంటాయి. నాతో బేరమాడేవాడు ఎంత మంచోడైనా, నా అన్నదమ్ముడైనా, తిప్పి చూడకుండా కొనను. మంచోడు తిప్పనిస్తాడు. తిప్పొద్దు అన్నాడంటే నేను లేచి వచ్చేస్తా.

ఆ బావి కట్టుబాటుకు నేనూ చెయ్యెత్తినాను, ఒప్పుకుంటా ఉండాను. అప్పుడు నాకు దాహంగా లేదు గదా, ఎవరికి గొంతు ఎండుతాదో ఆలోచించలేదు.

నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. మునెయ్య ఇంటికి పో. "నీ కళ్లతో చూసినావా" అని అడుగు. ఆయన చెప్పిన మాట చెప్పినట్టు రాసి పంపు. దానికి ఉపవాసం అక్కర్లేదు, నాలుగు అడుగులు నడిస్తే చాలు. ఇట్టా అడగడం తప్పని సామ్యేలు గారు అంటే, సంఘం పుస్తకంలో నా పేరు కూడా కొట్టేయమను.

ఎండలు ముదిరినాయి, మిట్టమధ్యాహ్నం తిరగబాక.

మస్తానయ్య

—

ఉదయగిరి
1879 మార్చి 6

అన్నా,

మునెయ్యను అడిగినాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉండాను: "నేనేడ చూసినా అయ్యా? నాకు పొద్దుగూకితే నా కాళ్లే కనపడవు. చెంచమ్మ చెప్పింది, నేను ఇంకొకరికి చెప్పినా."

ఇది చదివి నువ్వు ఎగిరి గంతేస్తావని నాకు తెలుసు. కానీ ఆలోచించు. మునెయ్య చూడలేదు, సరే. పల్లెంతా చెప్తా ఉండారు గదా? శ్రీనివాసులు అన్నాడు, రెబెకమ్మ అన్నది, బావి కాడ నలుగురు అన్నారు. ఇంతమంది నోట వచ్చేది ఉత్తదే అవుతాదా?

నేను మునెయ్య ఇంటికి పోయిన సంగతి సామ్యేలు గారికి తెలిసింది. "ఉపదేశీ, సంఘం చేతులెత్తి తేల్చిన దాన్ని నువ్వు మళ్లీ తవ్వుతా ఉండావే, నీలో సందేహం పుట్టింది. సందేహం సైతాను విత్తనం" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వచ్చే నెల నెల్లూరు మిషను దొరగారు సంఘాన్ని చూడడానికి వస్తా ఉండారు. నన్ను ఈ పనిలో ఉంచేదీ తీసేదీ ఆయనే. ఈ గొడవ ఆయన చెవిన పడితే ఏమవుతాదో నీకు తెలియదు.

నువ్వు అడిగిన మూడు ప్రశ్నలకు జవాబు. డప్పు మాట శ్రీనివాసులు చెప్పినాడు. ఆయనకు ఎవరు చెప్పినారో నేను అడగలేదు. నమ్మినావా అంటే, నమ్మినాను. దాచిపెట్టి ఏం లాభం.

చిన్నమ్మ రోజూ పొద్దున్నే వాగుకు పోయి, ఇసకలో చెలమ తీసి, నీళ్లు ఊరిందాకా కూర్చుని, గరిటెతో తోడుకుని తెచ్చుకుంటా ఉండాది. కడవ నిండేసరికి ఎండ నెత్తికెక్కుతాది. దూరం నుంచి చూస్తా ఉంటాను. ఆ ఇంట్లో అమ్మవారు ఉండాది గనక ఎవరూ దగ్గరికి పోవడం లేదు. సంఘం కూర్చున్నప్పుడు ఆమెను పిలవనిది కూడా అందుకే.

నువ్వు సంఘాన్ని వదిలేయాలని చూస్తా ఉండావని నాకు అర్థమయింది. దానికి చిన్నమ్మను సాకు చేసుకోబాక.

వరప్రసాదం

—

ఆత్మకూరు
1879 మార్చి 12

తమ్ముడా,

నన్ను నమ్మలేదని నిజం చెప్పినావు. నాలుగు రోజులు నొప్పి పుట్టింది. అయినా నిజం చెప్పినావు గనక ఇంకా నీకు రాస్తా ఉండాను.

ఇంతమంది చెప్తా ఉంటే ఉత్తదే అవుతాదా అని అడిగినావు. విను. పోయిన ఏడు కలువాయిలో ఒక దున్నపోతు తోలు ఉండాదని ఒక దళారి చెప్పినాడు. మరుసటి రోజు ఇంకొకడు. సాయంత్రం ఇంకా ఇద్దరు. నాలుగు నోళ్లు, నాలుగు దున్నపోతు తోళ్లు అనుకుని నెల్లూరు వాళ్లకు నాలుగూ పంపిస్తానని మాటిచ్చినాను. బండి కట్టుకుని పోయి చూస్తే ఒక్కటే తోలు. ఒక్క దాన్నే నలుగురూ నాకు చెప్పినారు! ఆ రోజు నెల్లూరు వాళ్ల ముందర నా మొహం చూడాల్సింది. పల్లెంతా అంటా ఉండారంటే పల్లెంతా చూసినట్టు కాదురా. ఒక్కరు అన్నది ఇరవై గడపలు తిరిగి నీ కాడికి వచ్చింది. ఆ మొదటోళ్లు ఎవరో కనుక్కో. చెంచమ్మ కాడికి పో.

చిన్నమ్మ కాడికీ పో. అమ్మవారు ఉండాదని భయమా? నెల్లూరు బళ్లో చదివేటప్పుడు నీకు టీకా వేసినారు, వారం రోజులు జబ్బ వాచి ఏడ్చినావు. చొక్కా ఎత్తి చూసుకో, మచ్చ ఉంటాది. పల్లెలో ఆ గుమ్మం దాటగలిగిన మొనగాడివి నువ్వు ఒక్కడివే, నువ్వు కూడా దూరం నుంచి చూస్తా ఉంటానని రాస్తావా? చదివి సిగ్గుపడినాను, నీ బదులు.

సందేహం సైతాను విత్తనమంట. సామ్యేలు గారిని నా తరఫున ఒక మాట అడుగు. మనం పోలేరమ్మను ఎట్టా వదిలినాం? ఆమెకు మేకపోతును కోసినా కోయకపోయినా అమ్మవారు పోస్తానే ఉండాదే, ఎందుకని నాయన అడిగినాడు. ఊరి పెద్దలు అడగొద్దు అన్నారు. నాయన అడిగినాడు. వీపు చిట్లింది, అయినా అడిగినాడు. ఆ అడగడంలో నుంచే గదా మన సంఘం పుట్టింది! అడిగి వచ్చినోళ్లం మనం. ఇప్పుడు లోపలికొచ్చి తలుపేసుకుని, ఇంక ఎవరూ ఏమీ అడగొద్దు అంటామా? అట్టా అయితే ఊరోళ్ల పెద్దరికానికీ మన పెద్దరికానికీ తేడా యాడుండాది?

నేను సంఘం వదలను. అది నా నాయన వీపు మీద కట్టిన సంఘం. నన్ను తీసేయాలంటే మీరు తీసేయాల, నా అంతట నేను పోను. తప్పు జరిగిందని అరుస్తానే ఉంటా.

మీ వదిన నువ్వుల ఉండలు పంపింది. సగం చిన్నమ్మకు. నువ్వే నీ చేత్తో ఇయ్యాల.

మస్తానయ్య

—

ఉదయగిరి
1879 మార్చి 21

అన్నా,

ఎట్టా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

చెంచమ్మ కాడికి పోయినాను. వడ్లు దంచుతా ఉండాది. "చిన్నమ్మ రాతికి అంబలి పోసిందని నీకు ఎవరు చెప్పినారు" అని అడిగినాను. రోకలి ఆపి నన్ను వింతగా చూసింది.

"నువ్వే గదయ్యా!"

"నేనా?"

"మూడో రోజు ప్రార్థనలో కళ్లు మూసుకుని ఏమన్నావు? ప్రభువా, మాలో ఎవరో వేపమండలు కట్టుకున్నారు, ఎవరైనా రాతికి అంబలి పోసి ఉంటే బయటపెట్టు అన్నావు. వేపమండలు ఉండేది హన్నమ్మ ఇంటికే. ఉపదేశికి తెలియకుండా అంటాడా, దేవుడు చూపించినాడేమో అనుకున్నాం."

అన్నా, నేను "పోసి ఉంటే" అన్నాను. ఊరికే, నోటికొచ్చి అన్నాను. ఆ మాట చెంచమ్మ నుంచి మునెయ్యకు, మునెయ్య నుంచి పల్లెకు పోయి, మునెయ్య కళ్లతో చూసిన సాక్ష్యమయి నా కాడికే తిరిగొచ్చింది. దాన్ని నేను నమ్మినాను. నమ్మి చెయ్యెత్తినాను.

అక్కడి నుంచి నేరుగా చిన్నమ్మ ఇంటికి పోయినాను. గుమ్మంలో నన్ను చూసి, "యాడికి లోపలికి? చదువుకున్నోడివి, మండలు కనపడలేదా?" అన్నది.

"ఎందుకు కట్టినావు చిన్నమ్మా?"

"టీకాలు వేసే సర్కారాయన కట్టమన్నాడు. ఇంట్లో జబ్బు ఉండాదని రాసిపెడితే మన పల్లెలో చదివేదెవరు? మండలు కట్టు, పసిబిడ్డ కూడా దగ్గరికి రాదు అన్నాడు. కట్టినా. బాగా పని చేసింది, నెలన్నర అయింది, నా అనేవాడు కూడా రాలేదు."

"ఈ మాట ముందే చెప్పి ఉంటే..."

"ఎవరికి? అడిగిందెవరు? చేతులెత్తింది ఇరవైమూడు మంది, నోరెత్తి అడిగింది ఒక్కరు లేరు. నేను ఒక్కసారి నీళ్లలో మునిగి ఒట్టేసినా. చెలమ కాడికి పోతా దోవలో కనపడినోళ్లందరికీ మళ్లీ మళ్లీ ఒట్టేయాల్నా?"

లిదియమ్మకు తగ్గుముఖం పట్టింది. ఒక కన్ను మాత్రం మసకగా ఉండాదంట. ఉండలు ఇచ్చినాను. నాకు ఒకటి తీసిపెట్టింది. తినలేకపోయినాను.

సామ్యేలు గారికి అంతా చెప్పినాను. ఆయన ఒక దారి చెప్పినారు. చిన్నమ్మ సంఘం ముందర తల వంచి క్షమించమని అడిగితే, క్షమించినామని పుస్తకంలో రాసి తిరిగి చేర్చుకుంటాం, దొరగారు వచ్చేలోగా సద్దుమణుగుతాది అన్నారు. మంచి మాటే అనిపించింది. చిన్నమ్మకు చెప్తే, "క్షమించినామంటే నేను తప్పు చేసినట్టు గదా. చెలమ నీళ్లే బాగుండాయి, పో" అన్నది.

అన్నా, నీ మాట వింటాది. ఒక్క నిమిషం తల వంచితే బావి ఆమెది. నువ్వు ఆమెకు నచ్చచెప్పు.

తమ్ముడు

—

ఆత్మకూరు
1879 మార్చి 27

తమ్ముడా,

నచ్చచెప్పను.

నువ్వు గుమ్మం దాటి పోయి అడిగినావు చూడు, దానికి నేను ఇక్కడ పట్ట దంచే వాళ్లందరికీ బెల్లం పంచినాను. మొత్తం సంగతి నాకు దాచకుండా రాసినావు, అది ఇంకా పెద్ద పని. ఇంత చేసి చివర్లో ఆమెను తల వంచమంటావా? తల వంచాల్సినోళ్లు ఇరవైమూడు మంది, ఆమె ఇరవైనాలుగో మనిషి.

మళ్లీ సంఘాన్ని కూర్చోబెట్టు. పోయినసారి "తీసేయాలా" అని అడిగినారు, ఈసారి "చూసినావా" అని అడుగు. అదే చేతులు, అదే పద్ధతి. సామ్యేలు గారు కాదనలేరు. దొరగారు ఉండగా అయితే ఇంకా మంచిది.

నీ పని పోతాదని భయపడతా ఉండావు, అది రాయకపోయినా నాకు కనపడతా ఉండాది. పోతే పోతాది. ఇక్కడ తోళ్లు ఎండబెట్టే మనిషి నాకు కావాల. వాసన నీకు కొత్త కాదు. నీకు పెట్టే అన్నం చిన్నమ్మ పెట్టినంత రుచిగా ఉండదు, అంతే.

మస్తానయ్య

—

ఉదయగిరి
1879 ఏప్రిల్ 8

అన్నా,

మొన్న ఆదివారం సంఘం కూర్చుంది. దొరగారు వచ్చి బల్ల పక్కన కూర్చున్నారు. చిన్నమ్మను పిలిస్తే వచ్చి, లోపలికి రాకుండా వాకిలి కాడ నిలబడింది. "ఇంకా తీసేసిన మనిషినే గదా" అన్నది.

నేను లేచినాను. వాక్యం చదవలేదు. చిన్నమ్మ రాయి కాడ అంబలి పోయడం కళ్లతో చూసినవాళ్లు చేతులెత్తండి అన్నాను.

మన సంఘంలో చేతులెత్తమంటే ఎట్టా ఎత్తుతారో నీకు తెలుసు. అడిగేది పూర్తి కాకముందే లేస్తాయి. ఆ పొద్దు అలవాటు కొద్దీ రెండు మూడు చేతులు సగం దాకా లేచి, గాల్లో ఆగి, మెల్లగా దిగినాయి. నిలిచిన చెయ్యి ఒక్కటి కూడా లేదు.

అప్పుడు నా ప్రార్థన సంగతి చెప్పినాను. ఆ మాట నా నోట్లో పుట్టింది అని చెప్పినాను. సామ్యేలు గారు లేచి, "సరే, ఉపదేశి పొరపాటు పడినాడు. హన్నమ్మను క్షమించినామని రాసి ముగిద్దాం" అన్నారు. వాకిట్లో నుంచి చిన్నమ్మ, "ఆ మాట రాస్తే నేను ఇట్టనే పోతా" అన్నది. నేను సంఘం పుస్తకం తీసి అందరి ముందర రాసినాను: హన్నమ్మ ఏ తప్పూ చేయలేదు. మేము చూడకుండా, ఆమెను అడగకుండా చేతులెత్తినాము. కింద నా పేరు పెట్టినాను. సామ్యేలు గారు కూటం వదిలేసి వెళ్లిపోయినారు, ఆయనతో తొమ్మిది ఇళ్లవాళ్లు వెళ్లినారు. మిగిలినోళ్లలో మునెయ్య వచ్చి మొదట వేలిముద్ర వేసినాడు. దొరగారు పుస్తకం రెండు సార్లు చదివి, నా పని సంగతి నెల్లూరు పోయినాక రాస్తామని చెప్పి బండెక్కినారు. ఏం రాస్తారో తెలియదు. ఏం రాసినా పుస్తకంలో ఆ ముక్క కొట్టేయను.

నిన్న పొద్దున చిన్నమ్మ కడవ తీసుకుని బావి కాడికి వచ్చింది. నేను వెంట ఉండాను. సామ్యేలు గారి భార్య రెబెకమ్మ తోడుతా ఉండి, ఈమెను చూసి చేద పైకి లాగేసి, తాడు చుట్టి చంకలో పెట్టుకుంది.

"నువ్వు ముట్టుకున్న తాడు మేం ముట్టుకోం" అన్నది.

నేను ఏదో అనబోతే చిన్నమ్మ నన్ను పక్కకు నెట్టింది. రెబెకమ్మకు ఎదురుగా పోయి నిలబడింది. అరవలేదు.

"రెబెకా, ఊరోళ్లు వాళ్ల బావి కాడ నుంచి మనల్ని తరిమేటప్పుడు ఏమన్నారో గుర్తుండాదా? ఇదే మాట అన్నారు. ఆ పొద్దు నువ్వూ నేనూ పక్కపక్కనే నిలబడి విన్నాం. మళ్లీ అను, ఈసారి గట్టిగా అను. ఊళ్లోకి వినపడాల."

రెబెకమ్మ అనలేదు. తాడు కింద కూడా పెట్టలేదు. చిన్నమ్మే చెయ్యి చాపి ఆమె చంకలో నుంచి తాడు తీసుకుంది. చేద బావిలోకి వదిలింది.

తమ్ముడు
వరప్రసాదం